చెరువు కింద తగాదాలు తగ్గాలంటే: శ్రీకాకుళం, విజయనగరం రైతులు తరచుగా అడిగే ప్రశ్నలు

చీపురుపల్లి నుంచి రాజాం వెళ్లే దారిలో మా ఊరు. ఊరికి పడమట చెరువు, దాని కింద నూరు ఎకరాల వరి. నేను బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. నాకున్న రెండెకరాలు ఆ ఆయకట్టుకు చిట్టచివర ఉన్నాయి, అంటే అందరికీ అందాక మిగిలితే నీళ్లు వచ్చే చోటు. పదిహేనేళ్లుగా మా చెరువు నీటి పంపకం పనుల్లో తిరుగుతున్నాను. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు పిలిచి అడిగే ప్రశ్నలు దాదాపు ఒకే రకంగా ఉంటున్నాయి కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాస్తున్నాను. 2022లో జిల్లాలు విడిపోయాయి. ఇక్కడ శ్రీకాకుళం, విజయనగరం అన్నప్పుడల్లా పార్వతీపురం వైపు కూడా కలుపుకొని పాత జిల్లాలనే అనుకోండి.

మనకు వానలు బాగానే పడతాయి కదా, నీటి కరువు ఎందుకు వస్తోంది?

నిజమే, ఏడాదికి 1,100 మిల్లీమీటర్ల పైచిలుకు పడుతుంది. అనంతపురం వాళ్లకు దాంట్లో సుమారు సగమే. అయినా మన కొరత ఎక్కడుందో ఒక చిన్న లెక్క వేస్తే తెలుస్తుంది. ఎకరా నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే అది 4,047 లీటర్లు. ఏడాది వాన మొత్తం, ఒక్క చుక్క కూడా బయటికి పోకుండా, ఆ ఎకరాలోనే నిలిచిందనుకుందాం. నలభై నాలుగున్నర లక్షల లీటర్లు అవుతుంది. దమ్ము నుంచి కోత దాకా వరికి మామూలుగా పట్టే నీరు 1,200 మిల్లీమీటర్ల ప్రాంతం, అంటే నలభై ఎనిమిదిన్నర లక్షల లీటర్లు. అంటే మన చేను మీద పడిన వాన ఒక్కటే మన వరిని పండించదు. పైనున్న మెట్ట, కొండవాలు, గెడ్డ (వాగు) తెచ్చిన నీళ్లు కలిస్తేనే పంట. అందుకే మన పెద్దలు ఊరూరా చెరువు కట్టారు.

రెండో చిక్కు, ఆ వాన పడే తీరు. మన నదులన్నీ తూర్పు కనుమల్లో పుట్టి కొద్ది దూరంలోనే సముద్రంలో కలుస్తాయి. నాగావళి, వంశధార రెండూ రెండు వందల యాభై కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. కొండల్లో కురిసిన వాన తొందరగానే కళింగపట్నం దాటిపోతుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు నెల రోజుల నీళ్లు ఒకటి రెండు రోజుల్లో మీద పడ్డాయి. అదే ఉభాల (నాట్ల) సమయంలో పదిహేను రోజులు చినుకు పడకపోతే ఆకుమడి ముదిరిపోతుంది. ఏడాది సగటు చూసి మనకు నీళ్లున్నాయనుకుంటే ఆ పదిహేను రోజుల్లో మోసపోతాం.

తగాదా అసలు ఎక్కడ మొదలవుతుంది?

నేను చూసింది చెబుతాను. ఒక ఆగస్టులో వానలు వెనకబడ్డాయి. రాత్రి రెండు గంటలప్పుడు గట్టు వైపు నుంచి నీళ్ల చప్పుడు వినిపించి టార్చిలైటు తీసుకుని వెళ్లాను. మదుము (చెరువు నీళ్లు వదిలే తూము) ఎత్తి ఉంది. దాని రాయి మీద నా దగ్గర చదువుకున్న కుర్రాడే, పార ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. వాడి చేను అప్పటికే నిండి గట్టు మీద నుంచి పక్క బోదిలోకి పొర్లుతోంది. "ఏం నాయనా ఇది?" అంటే, "మాస్టారూ, రేపటి నుంచి మదుము మూసేస్తారట కదా" అన్నాడు. ఎవరు చెప్పారంటే టీ కొట్టు దగ్గర ఎవరో అన్నారట. అలా మూసేద్దామని ఎవరూ అనలేదు. ఆ రోజు చెరువులో ఇంకా మూడు తడులకు సరిపడా నీళ్లున్నాయి. ఆ సంగతి వాడికి తెలియదు, నిజం చెప్పాలంటే నాకూ తెలియదు. తర్వాత కొలిస్తే తెలిసింది. ఆ రాత్రి వృథా అయిన నీటి మూలంగా మర్నాడు రచ్చబండ దగ్గర పెద్ద గొడవైంది. ఒకే గోడకు అటూ ఇటూ ఉండే అన్నదమ్ముల బిడ్డలు రెండేళ్లు మాట్లాడుకోలేదు.

అప్పటి నుంచి నా అభిప్రాయం ఒక్కటే. చెరువులో నీళ్లెన్ని ఉన్నాయో, నా వంతు ఎప్పుడు వస్తుందో తెలియని మనిషి భయంతో పార పట్టుకుంటాడు. అతనికి ఆ రెండూ ముందే తెలిస్తే సగం తగాదా అక్కడే ఆగిపోతుంది. ఈ కింద రాసినవన్నీ ఆ రెండూ తెలిసేలా చేసే పనులే.

చెరువులో ఎన్ని నీళ్లున్నాయో మామూలు మనుషులం ఎలా కొలుస్తాం?

మదుము రాతి మీదే కొలబద్ద గీయండి. మదుము గడపను, అంటే నీళ్లు బయటికి పారే కనీస మట్టాన్ని, సున్నా అనుకుని అక్కడి నుంచి అడుగుకో గీత, అర అడుగుకో చిన్న గీత వేయండి. అంకెలు చిన్న పిల్లలు కూడా గట్టు మీద నుంచి చదవగలిగేంత పెద్దవిగా ఉండాలి. ఆదివారం ఆదివారం ఒకరు ఆ అంకె చూసి ఊళ్లో బోర్డు మీద రాయాలి. మా ఊళ్లో ఈ పని ఏడో తరగతి పిల్లలకు అప్పగించాం, ఒక్క వారం కూడా తప్పలేదు.

ఇక లెక్క. ఒక ఎకరాలో ఒక అడుగు లోతున నిలిచిన నీటిని ఎకర-అడుగు అంటారు. అది సుమారు 12.3 లక్షల లీటర్లు. మా చెరువే తీసుకుందాం. వినాయక చవితి నాటికి నీరు 40 ఎకరాల మేర పరచుకుంది, సగటు లోతు నాలుగు అడుగులు. మొత్తం 160 ఎకర-అడుగులు. ఇక్కడే చాలామంది పొరపడతారు. మదుము దగ్గర కనిపించే లోతు సగటు లోతు కాదు. తాటి దోనె మీద వెళ్లి పదీ పన్నెండు చోట్ల గెడ దింపి చూసి సగటు తీయండి.

ఆ 160లో పావు వంతు ఆవిరికీ ఊటకూ పోతుందని పక్కన పెడతాం. ఇది మా ఊరి అనుభవం మీద వేసుకున్న అంచనా. మీ చెరువు అడుగు ఇసుక నేలైతే ఇంకా ఎక్కువే పోతుంది. మిగిలిన 120లో పశువులకు, చాకిరేవుకు పది తీసేస్తాం. ఉన్నవి 110. నూరు ఎకరాలకు మూడంగుళాల చొప్పున ఒక తడి ఇవ్వాలంటే 25 ఎకర-అడుగులు కావాలి. అంటే నాలుగు తడులు, ఆపైన కొంచెం. ఈ మాట బోర్డు మీద "ఇంకా నాలుగు తడులు" అని రాస్తే చాలు. ఎకర-అడుగుల గొడవ ఎవరికీ అక్కర్లేదు.

వంతు ఎలా పెట్టాలి? మొదటి చేను నుంచా, చివరి చేను నుంచా?

చివరి నుంచి. నాకు చివర భూమి ఉంది కాబట్టి ఇలా అంటున్నానని కొందరు నా ముందే అన్నారు. కారణం వినండి. చెరువు గట్టు కింది మొదటి మడులకు మదుము మూసి ఉన్నా ఊట దిగుతూనే ఉంటుంది, నేల తడిగానే ఉంటుంది. చివరి మడికి ఆ అదృష్టం లేదు. ఇంకోటి, మొదటివాడికి ముందు ఇస్తే తన మడి నిండాక కాలువ గురించి పట్టించుకోడు. చివరివాడికి ముందు ఇస్తే నీళ్లు తన దాకా రావాలి గనుక కాలువ పొడవునా ఉన్నవాళ్లందరూ గడ్డి కోసి, బొరియలు పూడ్చి సిద్ధంగా ఉంచాల్సి వస్తుంది.

సమయాన్ని ఎకరాల మీద పంచాలి. మదుము నుంచి ఎంత నీరు పారుతోందో తెలిస్తేనే అది కుదురుతుంది. కాలువ వెడల్పు, లోతు సమంగా ఉన్న చోట ఇరవై అడుగులు కొలిచి రెండు కర్రలు పాతండి. ఎండిన కొబ్బరి పీచు ముక్క పైనుంచి వదిలి, మొదటి కర్ర నుంచి రెండో కర్రకు ఎన్ని సెకన్లలో వెళ్లిందో ఫోనులో చూడండి. మా కాలువ రెండడుగుల వెడల్పు, అడుగు లోతు. పీచు పదిహేడు సెకన్లలో వెళ్లింది. ఇరవైని పదిహేడుతో భాగించి, వెడల్పుతో, లోతుతో గుణించాలి. పైనీరు అడుగునీటి కంటే వేగంగా పారుతుంది కాబట్టి వచ్చినదాన్ని మళ్లీ 0.85తో గుణించాలి. రెండు క్యూసెక్కులు, అంటే సెకనుకు రెండు ఘనపుటడుగులు, తేలింది. ఒక క్యూసెక్కు రోజంతా పారితే దాదాపు రెండు ఎకర-అడుగులు. మాకు కావలసిన 25 ఎకర-అడుగులకు ఆరు రోజుల ఆరు గంటలు, అంటే 150 గంటలు. నూరు ఎకరాలకు పంచితే ఎకరాకు గంటన్నర.

ఒక్క జాగ్రత్త. మదుము ఎత్తాక నీళ్లు చివరి మడి చేరడానికి మా కాలువలో రెండు గంటలు పడుతుంది. ఆ రెండు గంటలు ఎవరి వంతులోనూ కలపకూడదు, అది ఊరి ఖాతా. చివరివాడి వంతులో కలిపితే అతను కాలువకు నీళ్లు తాగించి ఇంటికెళ్లినట్టే. రాత్రి వంతు ఎప్పుడూ ఒకరికే పడకుండా ప్రతి తడికీ పట్టికను పన్నెండు గంటలు ముందుకు జరపండి. పట్టిక రామమందిరం గోడ మీద ఉండాలి, ఎవరి జేబులోనూ కాదు.

నీళ్లు కట్టడానికి ప్రత్యేకంగా మనిషి అవసరమా?

అవసరం. ఆయకట్టులో సెంటు భూమి కూడా లేని మనిషైతే ఇంకా మంచిది. అందరి మడులూ అతనికి ఒక్కటే. పెద్ద కాలువల మీద లస్కరు చేసే పనే ఇది. కళ్లంలోనే ఎకరాకు ఇంత ధాన్యం అని కొలిచి ఇచ్చేయాలి. తర్వాత ఇస్తామంటే ఇవ్వరు.

ఎవరైనా వంతు తప్పి నీళ్లు మళ్లిస్తే ఏం చేయాలి?

ముందు మాటతో చెప్పాలి, అదీ ఒక్కరే వెళ్లి, నలుగురిలో కాదు. రెండోసారి అయితే బోర్డు మీద పేరు, చిన్న జరిమానా. మూడోసారి జరిమానా పెరగాలి. ఊళ్లు ఉమ్మడి ఆస్తులను ఎలా నిలబెట్టుకుంటాయో ప్రపంచమంతా తిరిగి పరిశీలించి 2009లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ అందుకున్న ఎలినోర్ ఆస్ట్రమ్ కూడా ఇదే గమనించారు. చాలాకాలం నిలిచిన నీటి పద్ధతుల్లో శిక్ష చిన్నగా మొదలై మెట్టుమెట్టుగా పెరుగుతుంది, నియమాలు పెట్టుకున్నది వాడుకునేవాళ్లే. ఆమె చెప్పక ముందే మన ముసలివాళ్లకు ఇది తెలుసు.

నీళ్లు ఆపేయడాన్ని మాత్రం శిక్షగా పెట్టకండి. ఒక ఏడాది మేం ఆ తప్పు చేశాం. ఎండిన మడికి మందు లేదు, ఆ ఇంటి పిల్లలు చేసిన తప్పేమీ లేదు. దానికి బదులు రెండు రోజులు కాలువ పూడిక తీయాలని వేస్తే ఊరికీ లాభం, మనిషికీ మర్యాద.

గట్టుకు గండి కొట్టడం, షట్టరు విరగ్గొట్టడం వేరు. అవి 1997 నాటి రైతుల నీటి యాజమాన్య చట్టం కింద నేరాలు. వాటిని ఊళ్లో సర్దుకుందామని దాచిపెట్టవద్దు.

నీటి సంఘానికి నిజంగా అధికారం ఉందా? ఎన్నికలప్పుడు తప్ప కనిపించదు కదా?

చట్టం 1997లో వచ్చింది. చెరువుకో సంఘం, కాలువలకు ఆపైన డిస్ట్రిబ్యూటరీ కమిటీ, ప్రాజెక్టు కమిటీ అని మెట్లు పెట్టారు. నీటి పంపకం ప్రణాళిక వేసుకోవడం, దాన్ని అమలు చేయడం, మరమ్మతులు చూసుకోవడం సంఘం పనులే. చాలా ఏళ్ల ఖాళీ తర్వాత 2024 డిసెంబరులో మళ్లీ ఎన్నికలు జరిగాయి. అధికారం కాగితం మీద ఉంది, వాడుకునేవాళ్లే తక్కువ. సీజను మొదట్లో సర్వసభ్య సమావేశం పెట్టి పంపకం పట్టికను తీర్మానంగా రాయించారంటే దానికి బలం వస్తుంది. రేపు ఎవరైనా కాదంటే చూపించడానికి కాగితం ఉంటుంది.

లోపం ఒకటుంది, దాని గురించి గట్టిగానే చెప్పాలి. ఓటు హక్కు రికార్డుల్లో పేరున్నవారికి. మన జిల్లాల్లో చేను దున్నేది ఎందరో నోటిమాట మీద కౌలు చేసేవాళ్లు. మగవాళ్లు హైదరాబాదుకో విశాఖకో చెన్నైకో పనులకు వెళ్లిపోతే రాత్రి వంతుకు లాంతరు పట్టుకుని గట్టు మీద కూర్చునేది ఇంట్లో ఆడవాళ్లు. పేరున్న మనిషి ఊళ్లో లేడు, ఊళ్లో ఉన్న మనిషికి పేరు లేదు. ఓటు సంగతి ఎలా ఉన్నా వంతు పట్టిక వేసే రోజున మాత్రం ఎవరు నీళ్లు కడతారో వాళ్లనే కూర్చోబెట్టండి. సమావేశం సాయంత్రం పూట, వంట వేళ కాకుండా పెట్టండి. మా ఊళ్లో ఆడవాళ్లు వచ్చిన మొదటి సమావేశంలోనే, ఒంటరిగా ఉండే ఇళ్లకు అర్ధరాత్రి వంతు వేయకూడదనే మాట వచ్చింది. అంతకు ముందు పదేళ్లలో మాలో ఎవరికీ అది తట్టలేదు.

వంశధార, తోటపల్లి కాలువల శివారుకు నీళ్లు ఎందుకు చేరవు?

హిరమండలం దగ్గరి గొట్టా బ్యారేజీ నుంచి బయల్దేరే ఎడమ కాలువ నూరు కిలోమీటర్లకు పైగా పోతుంది, దాని కింద ఆయకట్టు లక్షన్నర ఎకరాలకు దగ్గర. అంత పొడవు మట్టి కాలువలో ప్రతి మలుపూ కొంత తాగేస్తుంది. గుర్రపుడెక్క, పూడిక, బిగుసుకుపోయిన షట్టర్లు కలిస్తే టెక్కలి అవతల రైతుకు కబురు వస్తుంది గాని నీళ్లు రావు. నాగావళి మీద 1908 నాటి పాత తోటపల్లి రెగ్యులేటరు కింద 64 వేల ఎకరాలు ఉండేవి. 2015లో కొత్త బ్యారేజీని ప్రారంభించి ఇంకో లక్షా 20 వేల ఎకరాలకు నీరివ్వాలన్నారు. ప్రధాన కాలువ తవ్వినంత మాత్రాన మడిలోకి నీరు రాదు, పిల్ల కాలువలూ పంట బోదెలూ పూర్తవ్వాలి.

శివారు రైతుగా మీరు చేయగలిగేది ఒకటుంది. నోట్‌బుక్ పెట్టండి. మీ తూము దగ్గర ఏ తేదీన ఎన్ని అంగుళాల నీరు పారిందో, ఎప్పుడు ఆగిందో రాయండి. "మాకు నీళ్లు రావడం లేదు" అంటే ఇంజనీరు గారికి ఏటా వినే మాట. "జూలై 20 నుంచి ఆగస్టు 9 వరకు మా తూములో నాలుగు అంగుళాలు దాటలేదు" అంటే జవాబు చెప్పక తప్పదు. కాలువ మొదట్లో ఉన్న ఊళ్లను తిట్టుకోవడానికి వెళ్లే ఒక్క ట్రాక్టరు ఖర్చుతో ఆ ఊళ్ల పెద్దలను మీ ఊరికి భోజనానికి పిలిచి ఎండిన మళ్లు చూపించండి. మేం చూపించాం. మాటల కంటే అదే పనిచేసింది.

ఒడిశాతో ఉన్న నీటి వివాదం మనకెందుకు?

వంశధార, నాగావళి రెండూ అక్కడ పుట్టినవే కాబట్టి. వంశధార నీటిని చెరిసగం పంచుకోవాలని 1962 సెప్టెంబరు 30న రెండు రాష్ట్రాల మధ్య ఒప్పందం కుదిరింది. తర్వాత నేరడి దగ్గర బ్యారేజీ, కాట్రగడ్డ దగ్గర పక్క మదుము కడితే తమకు నష్టమని ఒడిశా అభ్యంతరం చెప్పింది. 2010లో ట్రిబ్యునల్ వేశారు. 2017 సెప్టెంబరులో తీర్పు వచ్చింది. నదిలో 115 టీఎంసీలు ఉన్నాయని లెక్క తేల్చి, చెరిసగమన్న పాత మాటనే నిలబెట్టి, కాట్రగడ్డ నుంచి జూన్ 1, నవంబరు 30 మధ్య ఎనిమిది టీఎంసీలకు మించి తీసుకోకూడదని గీత గీసింది. నేరడి బ్యారేజీకి కావలసిన 106 ఎకరాలు ఒడిశా సేకరించి ఇవ్వాలని 2021లో మళ్లీ చెప్పింది. ఒక్క టీఎంసీ అంటే 2,831 కోట్ల లీటర్లు.

చెరువు గట్టు మీద కూర్చుని ఇది చదివితే నాకు కనిపించేది మా పట్టికే. ఎన్ని నీళ్లు, ఎవరికెంత, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు. రాష్ట్రాలకు అది తేల్చుకోవడానికి 55 ఏళ్లు పట్టింది.

జంఝావతి కథ ఇంకోలా నడిచింది. ముంపు మీద ఒడిశాతో మాట కుదరక కాంక్రీటు ఆనకట్ట ఆగిపోతే, కొమరాడ మండలంలో గాలితో ఉబ్బే రబ్బరు డ్యాము కట్టి 2006లో నీళ్లిచ్చారు. ఒప్పందం కోసం ఎదురుచూస్తూనే ఉన్నంతలో పని నడిపించిన తీరు నాకు నచ్చుతుంది. దాని కింద పూర్తి ఆయకట్టుకు నీరు రాదు, ఆ కొరత అలాగే ఉంది.

పక్కవాడు బోరు వేస్తే మా బావి ఎండిపోయింది. ఏం చేయాలి?

విజయనగరం వైపు నేల కింద ఎక్కువగా ఖొండలైటు రాయి. నీరుండేది దాని పైన కుళ్లిన పొరలో. ఆ పొర అందరికీ ఒక్కటే. ఒకరు లోతుగా లాగితే పక్క బావి దిగుతుంది. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం బావులు, బోర్లు నమోదు చేయించాలి, కొత్తదానికి అనుమతి తీసుకోవాలి. ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు సాగు బోరు వేయకూడదు. ఈ కొలత గుర్తుంచుకోండి, పంచాయతీ బావి ఎండిపోతున్నప్పుడు పనికొస్తుంది. సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్లలో ఇంకా జాగ్రత్త కావాలి. అతిగా తోడితే ఉప్పునీరు లోపలికి జరుగుతుంది, అది అంత తొందరగా వెనక్కి పోదు.

అయినా చట్టం కంటే ముందు ఒక మాట చెప్పండి. రెండో బోరుకు పెట్టే డబ్బుతో ఉన్న బోరు నుంచి ఇద్దరికీ పైపు వేసుకుని రోజు మార్చి రోజు వాడుకోవచ్చు. మా ఊళ్లో మూడు జతల రైతులు అలా చేస్తున్నారు.

వరి మానకుండా నీళ్లు ఆదా చేయవచ్చా?

చేయవచ్చు. అడుగు పొడవు పైపు ముక్క తీసుకుని కింది భాగమంతా వేడి మేకుతో బెజ్జాలు పెట్టండి. ఇరవై సెంటీమీటర్లు మట్టిలోకి దించి, లోపలి మట్టి చేత్తో తీసేయండి. ఇప్పుడు పైపులోకి తొంగి చూస్తే మడి కింద నీరెంతలో ఉందో కనిపిస్తుంది. పైన నేల నెర్రెలు కనబడుతున్నా లోపల బెత్తెడు లోతున నీళ్లు తళతళలాడుతుంటాయి. మొదటిసారి చూసిన మా పొరుగు రైతు నమ్మలేక వేలు ముంచి చూశాడు. నీరు నేలమట్టానికి పదిహేను సెంటీమీటర్ల కిందికి దిగే దాకా కొత్త తడి అక్కర్లేదు. నాటిన మొదటి రెండు వారాలు కలుపు రాకుండా, పొట్ట, పూత దశల్లో తాలు పోకుండా మాత్రం పలచగా నీళ్లు నిలిపి ఉంచాలి. ఈ తడి పొడి పద్ధతిలో నీరు పదిహేను నుంచి ముప్పై శాతం దాకా తగ్గుతుంది, దిగుబడి తగ్గదు.

కానీ వంతు ఖాయంగా వస్తుందని నమ్మకం లేని చోట ఏ రైతూ మడి ఆరనివ్వడు, ఆరనివ్వమని చెప్పడం కూడా అన్యాయం. ముందు పట్టిక, తర్వాతే పైపు. నాట్లకు బదులు ఎదలు (నేరుగా విత్తనం) చల్లితే దమ్ము నీరు మిగులుతుంది, కలుపు మీద కన్నుండాలి. చెరువులో నీళ్లు సగం దాటకపోతే రెండో పంటకు వరి మాటే తీయకుండా మినుము, పెసర చల్లుకోవడం మేలు.

తాగునీటికీ సాగునీటికీ పోటీ వస్తే?

తాగునీటిదే ముందు. ఇందులో రెండో మాట లేదు. అది ఎంత తక్కువ నీరో చూడండి. జలజీవన్ మిషన్ మనిషికి రోజుకు 55 లీటర్లు అంటుంది. రెండు వేల మంది ఉన్న ఊరికి రోజుకు లక్షా పది వేల లీటర్లు. ఎకరా వరికి అంగుళం తడి కంటే కొంచెం ఎక్కువ, అంతే. ఏడాది పొడవునా ఇచ్చినా మా ఆయకట్టుకు ఒక తడి కంటే కాస్త ఎక్కువ అవుతుంది. ఆ ఒక్క తడి వదులుకోలేని ఊరు ఉంటుందా?

ఉద్దానంలో కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం, పలాస వైపు కిడ్నీ జబ్బుతో ఇళ్లకు ఇళ్లు చితికిపోయాయి. ఆ ఊళ్లకు హిరమండలం రిజర్వాయరు నుంచి పైపులతో నీరిచ్చే పథకాన్ని 2023 డిసెంబరులో ప్రారంభించారు. సాగుకు కట్టిన రిజర్వాయరు నుంచి తాగడానికి నీళ్లు పోతున్నాయని ఎవరైనా గొణిగితే నాకు కోపం వస్తుంది. ఆ రిజర్వాయరు కోసం ఇళ్లూ పొలాలూ ఖాళీ చేసి వెళ్లినవాళ్లున్నారు. ఆ నీళ్ల మీద మాట్లాడే హక్కు మొదట వాళ్లది.

చేపల వేలం పాడినవారు నీళ్లు వదలనివ్వడం లేదు. ఎలా?

వేలం కాగితంలోనే మట్టం రాయించండి. కొలబద్ద మీద ఫలానా గీత దాకా సాగుకు, ఆ కింద చేపలకు, పశువులకు. వేలం అయ్యాక మాట్లాడితే అతనిదే న్యాయం, అప్పటికి డబ్బు కట్టేసి ఉంటాడు.

పూడిక తీస్తే సమస్య తీరిపోతుందా?

కొంతవరకే. మదుము గడప కంటే లోతుగా తవ్విన గోతిలో నీళ్లు నిలుస్తాయి గాని కాలువలోకి పారవు. పశువులకూ ఊటకూ మేలే, ఆయకట్టుకు కాదు. పూడిక కంటే ముందు చెరువులోకి నీరు తెచ్చే గెడ్డను చూడండి. ఎవరి జీడితోట కంచె దాన్ని సగం మూసేసిందో, ఏ రోడ్డు కింద తూరలు కూరుకుపోయాయో. సర్వేయరును పిలిపించి చెరువు హద్దురాళ్లు వేయించడం రెండోది. ఉపాధి హామీ పనులు అడిగేటప్పుడు కూడా ఇదే వరుసలో అడగండి. తీసిన మట్టి మెరక చేలకు తోలుకుంటే ఎరువు ఖర్చు తగ్గుతుంది.

బీల భూములు ఖాళీగానే ఉంటాయి కదా, వాటికీ నీటి తగాదాకీ ఏమిటి సంబంధం?

ఖాళీగా ఉండవు. సోంపేట బీల మీద వాన నీరు నిలుస్తుంది, చుట్టూ ఊళ్ల పంటకు అక్కడి నుంచే తోడుకుంటారు, చేపలు పడతారు, గేదెలు మేస్తాయి. రికార్డులో బంజరు అని రాసి ఉన్నా అది నీటి గిడ్డంగి. అక్కడ థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దని జనం లేచిన 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో రైతులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అదే రోజున జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ కేంద్రం అనుమతిని రద్దు చేసింది. ఆ నేల ఎవరికి ఎలా ఉపయోగపడుతోందో ముందే ఊళ్లోకి వచ్చి రాసుకుని ఉంటే ఆ మనుషులు ఈ రోజు బతికి ఉండేవారు. మీ ఊరి బంజరు, తంపర, బీల, ఏదైనా సరే, దానిలో ఏ నెలలో ఎంత నీరు నిలుస్తుందో, ఎవరు వాడతారో పంచాయతీ తీర్మానంగా ఇప్పుడే రాసి పెట్టుకోండి.

ఇదంతా ఎప్పుడు మొదలుపెట్టాలి?

రోహిణి కార్తెలో. చెరువు అడుగు కనిపిస్తుంది కాబట్టి మదుము గడప దగ్గరికి నడిచి వెళ్లవచ్చు. మనుషుల మనసులు కూడా చల్లగా ఉంటాయి, ఎవరి మడీ ఇంకా ఎండలేదు. ఆగస్టులో మొదలుపెడితే ప్రతి నియమమూ ఎవరో ఒకరి మీద పెట్టినట్టే అనిపిస్తుంది. ఏరువాక పున్నమి లోపు పట్టిక గోడ మీదకు ఎక్కాలి.

కావలసినవి తెల్ల పెయింటు డబ్బా ఒకటి, నల్లది చిన్నది ఒకటి, బ్రష్షు, టేపు, వైరు బ్రష్షు. రాతి మీది పాచి ముందు వైరు బ్రష్షుతో గీకండి, లేకపోతే మొదటి వరదకే అంకెలు కొట్టుకుపోతాయి. తెల్లరంగు ఒక రోజు ఆరనిచ్చి మర్నాడు నల్ల గీతలు వేయండి. సున్నా గడప దగ్గర.